బౌలరుకి బొట్టు

సీతాలు గడప దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతోంది. రేకు కన్నంలోంచి చినుకొకటి టప్పున చేటలో పడింది. చేట పట్టుకుని ఇవతలికి జరిగింది. అక్కడా పడింది. ఇంట్లో గిన్నెల కన్నా కారే చోట్లే ఎక్కువ.

ఈ రేకులు కిందటేడే మారాల్సింది. ఆమె మొగుడు దేవుళ్లు దగ్గర, చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో వచ్చిన క్రికెట్ కార్డొకటి ఉంది. ఎవరో విదేశీ బౌలరు, మీసం కూడా సరిగా రాని వయసులో దిగిన ఫొటో. పాత కార్డులు కొనే గణేశ్వరరావు విశాఖ నుంచి ఫోన్ చేసి, రేకులన్నీ మార్చుకోడానికి సరిపడా ఇస్తానన్నాడు. దేవుళ్లు వింటేనా!

"ఉండెహె. ఆడ్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎక్కిస్తారంట. గొప్ప ఆటగాళ్లకే ఆ పేరు. ఎక్కేక సూడు రేటు" అన్నాడు.

"ఆడు ఎక్కేలోపు ఇల్లు కూలిపోద్ది బావా" అంది సీతాలు.

ఒక వానాకాలం పోయి ఇంకొకటి వచ్చింది. మొన్న ఆ బౌలరు ఎక్కనే ఎక్కాడు. దేవుళ్లు బైకు షెడ్డు మూసేసి, నర్సీపట్నం బజారు నుంచి జిలేబీ తెచ్చి వీధంతా పంచాడు. గణేశ్వరరావుకీ తనే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఇవాళ ఆయన వచ్చాడు.

"సార్‌కి టీ ఎట్టు, బేగి" అంటూ దేవుళ్లు దేవుడి గూట్లోంచి కార్డు తెచ్చి రెండు చేతులా అందించాడు.

గణేశ్వరరావు కళ్లజోడు సవరించుకున్నాడు. "మొహం మీద ఇదేంటండీ?"

"బొట్టండీ. కొత్త బండొస్తే ఎట్టమా? ఇంత పేరొచ్చినోడ్ని ఒట్టి మొహంతో ఉంచుతామేటి?"

తడి పసుపు అట్టలోకి ఇంకిపోయింది. గణేశ్వరరావు గోటితో మెల్లగా గీకాడు. పసుపు పోలేదు గానీ బౌలరు కనుబొమ్మ ఊడొచ్చింది.

పొయ్యి దగ్గర సీతాలు తల పట్టుకుంది. "నీ పూజ తగలెయ్యా!"

"ఈ బొట్టు లేకపోయినా కిందటేటి రేటు రాదండీ" అన్నాడాయన. "ఆ పేరు వస్తుందన్న ఆశ ఉన్నప్పుడే కొనేవాళ్లు ఎగబడతారు. వచ్చేశాక అందరూ పెట్టెల్లోంచి తీసి అమ్మజూపుతారు. ఇప్పుడు ఎవరిని కదిపినా ఈ కార్డే. దూరం వచ్చాను కాబట్టి, ఒక్క రేకు ఖరీదు ఇస్తాను."

"అదైనా పుచ్చుకో బావా. పొయ్యన్నా తడవదు" అంది సీతాలు.

దేవుళ్లు కార్డు లాక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"తొందరేటే నీకు? ఆడూ మడిసే గదా, ఎప్పటికైనా పోతాడు. పోయేక సూడు రేటు!"

సీతాలు టీ గ్లాసొకటి గణేశ్వరరావు ముందు పెట్టింది. మొగుడి కోసం పోసిన గ్లాసు అతను చూస్తుండగానే తనే తాగేసింది. కొంగు నడుముకు బిగించి, చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికే, వానలో?" అన్నాడు దేవుళ్లు.

"కారని ఇంటికి" అంటూ ఆమె వానలోకి దిగి వెళ్లిపోయింది.