హంతకుడి చొక్కా

"ఆ చొక్కా ఎవరు ఉతికారు?"

ఈ ప్రశ్నను మనసులోనే వేసుకున్నానని నా నమ్మకం. పైకే అన్నానని, అదీ చివరి బెంచీకి సైతం వినిపించేలా ఏళ్ళ తరబడి ఆంగ్లపాఠం చెప్పిన గొంతుతో అన్నానని, ముందు వరుసలోని తలలు నా వైపు తిరిగినప్పుడు గాని తెలియలేదు. విజయనగరంలో కోటకు దగ్గరి సినిమా హాలు. మధ్యాహ్నపు ఆట. తెర మీద ఒక గుమాస్తా, ముందురోజు సాయంత్రం గోదాములో కనబడిన వారినందరినీ చంపి, మరునాటి ఉదయం మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా తొడుక్కొని పనికి బయలుదేరుతున్నాడు. అదే చొక్కా. జేబు మీది సిరా మరకతో సహా అదే. చంపుతున్నప్పుడు అది కాలరు మొదలు అంచు దాకా రక్తంలో నానిపోవడం నేను కళ్ళారా చూశాను.

"ఏటమ్మగారూ, సొక్కా గొడవేటి మీకు? సూడనివ్వండి," అన్నాడు వెనక వరుసలోని యువకుడు.

అతని పక్కన పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకున్న అమ్మాయి, భార్య కాబోలు, "పెళ్ళామే ఉతికుంటాది. ఇంకెవులు ఉతుకుతారు?" అంది.

"నువ్వూరుకోయే."

"ఆరడిగినారు, నాను సెప్పినాను. తప్పేటి?"

నా భర్త దత్తాత్రేయగారు నా మోచేతి మీద రెండు వేళ్ళు ఆనించి, "జగదా, నలుగురిలో ఉన్నాం," అన్నారు. ఆయన ఏనాడూ గొంతు పెంచరు. పెంచవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు.

ఇటువంటి చిత్రాలు చూసే అలవాటు మా ఇంట లేదు. మా ఆడపడుచు విశాలి కొడుకు హరిబాబు ఇందులో నటించాడు. నటించాడనడం కంటే చనిపోయాడనడం సరైన మాట. ఊళ్ళో వ్యాయామశాల నడుపుకుంటున్నవాణ్ణి, నెల్లిమర్ల వైపు ఒక పాత గోదాములో చిత్రీకరణ జరిగినప్పుడు, కండలు చూసి దుండగుల గుంపులో నిలబెట్టారట. "వదినా, మావాడు సెకండాఫ్‌లో చచ్చిపోతాడు. నువ్వూ అన్నయ్యా తప్పకుండా రావాలి," అని విశాలి శుభలేఖ ఇచ్చినంత సంబరంగా ఫోను చేసి పిలిచింది. కాదనడం ఎలా?

హాలు మెట్లు ఎక్కడానికి నాకు చాలాసేపు పట్టింది. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయింది. ఎముకకు ఎముక రాసుకుంటోందని విశాఖపట్నంలో వైద్యుడు చిత్రం చూపించి మరీ చెప్పాడు. శస్త్రచికిత్సకు తేదీ ఇచ్చారు. ఆ తేదీ వచ్చే వారమే. కాని సినిమాకు బయలుదేరే ముందు, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్న నాతో ఆయన, గొడుగు తెచ్చుకోమని చెప్పినంత మామూలుగా చెప్పారు: "ఆస్పత్రికి ఫోను చేసేను. వాయిదా వేయించేను. అమ్మ తద్దినం దగ్గర పడుతోంది కదా, అదయ్యేక చూద్దాం."

నిరుడూ ఇంతే. అత్తగారి ఆబ్దికం ఇంటి కోడలు మడి కట్టుకొని వండాలన్నది ఆయన నియమం. ముందురోజే చీర తడిపి ఎవరూ తాకని దండెం మీద ఆరవేసుకోవాలి. తెల్లవారకముందే అది కట్టుకొని పొయ్యి ముందు నిలబడాలి. పప్పు, కూరలు, పచ్చళ్ళు, గారెలు, పరమాన్నం, నువ్వుల ఉండలు; అన్నీ ఒక్క చేతి మీదుగా కావాలి. భోక్తలు తిని లేచేదాకా నా నోట మంచినీళ్ళు కూడా పడకూడదు. పట్టణంలో ఇంటింటా వంటవాళ్ళు వచ్చి వండిపెట్టి పోతున్నారని ఒకసారి అన్నాను. "వంటవాడి చేతి ముద్ద అమ్మ ముట్టదు," అన్నారు. ఆవిడ బ్రతికున్నప్పుడు నా చేతి వంటను మెచ్చుకున్న జ్ఞాపకం నాకు లేదు. చనిపోయిన తరువాత ఆవిడ నోటికి నా వంట తప్ప సహించడం లేదని ప్రతి ఏటా ఆవిడ కొడుకు ద్వారా తెలుస్తోంది.

తెర మీది కథ ఇది. గుమాస్తా నెమ్మదస్తుడు. గోనెసంచుల మిల్లులో లెక్కలు చూసుకుంటాడు. ఎవరేమన్నా తల వంచుకుంటాడు. ఒకనాడు భోజనవేళ, మిల్లును కబ్జా చేయవచ్చిన దుండగుడు అతని అన్నం క్యారేజీని కాలితో తంతాడు. గిన్నెలు దొర్లి, పప్పు మట్టిలో కలుస్తుంది. గుమాస్తా కిందికి వంగి ఒక్కొక్క మెతుకూ ఏరుతాడు. ఏరుతూ ఏరుతూ సంచులు కుట్టే దబ్బనం అందుకుంటాడు. అక్కడి నుంచి ఇక ఆగడు. దబ్బనంతో కొందరిని, గోనెతాడుతో కొందరిని, ఒకచోట కాగితాలు గుచ్చే పిన్నుల డబ్బాతో కూడా చంపుతాడు. అతని హస్తలాఘవం చూసి ఒక రహస్యసంస్థ పిలిచి, దేశదేశాల్లో హత్యల పని అప్పజెప్పుతుంది. ఉదయం గుమాస్తా, సాయంత్రం హంతకుడు. ఎగురుతున్న హెలికాప్టరు మీదికి బిగించి కట్టిన జనుము బేలు విసిరి దాన్ని కూల్చివేసినప్పుడు హాలంతా లేచి నిలబడింది.

నేను నవ్వుకోవలసింది. బలానికీ, భారానికీ, దూరానికీ పొంతన లేని ఆ దృశ్యాన్ని చూసి చదువుకున్న మనిషి నవ్వుకోవాలి. నేను చప్పట్లు కొట్టాను. నా అరచేతుల చప్పుడు నాకే వినబడి చేతులు ఒళ్ళోకి తీసుకున్నాను. పక్కన దత్తాత్రేయగారు గమనించలేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు.

"అదిగో! అదిగో మావాడు!" అని విశాలి నా భుజం పట్టి ఊపేసింది. హరిబాబు గోనెసంచుల గుట్ట మీద నుంచి గుమాస్తా మీదికి దూకాడు. గాలిలో ఉండగానే దబ్బనం అతని గొంతులో దిగింది. "అయ్యో నా తండ్రీ!" అని గుండె మీద చెయ్యి వేసుకున్న విశాలి, వాడు నేల మీద పడగానే, "ఎంత బాగా పోయేడో చూసేవా వదినా? అప్పుడే అయిపోయింది, మళ్ళీ వేస్తే బాగుణ్ణు," అంది.

నేను మాత్రం చొక్కాను విడిచిపెట్టలేకపోయాను. ప్రతి హత్య తరువాతా అది ఎర్రనైంది. ప్రతి ఉదయమూ తెల్లనైంది. మధ్యలో జరిగింది దర్శకుడికి అక్కర్లేదు. రక్తపు మరకకు వేడినీళ్ళు తగలకూడదు, చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టాలి, ఆరిన మరకైతే గోటితో గీకాలి, ఆపైన నీలిమందు, ఆపైన ఇస్త్రీ. ఆ అమ్మాయి ఎప్పుడు నిద్రపోయింది? ఇది ఎవరి రక్తం అని అడిగిందా? తెర మీద ఆమె క్యారేజీ సర్దింది, దేవుడికి దీపం పెట్టింది, గుమ్మంలో నిలబడింది, విశ్రాంతికి ముందు అపహరణకు గురయింది. దుండగులు ఎత్తుకుపోయిన తరువాతి రోజున కూడా గుమాస్తా చొక్కాకు ఇస్త్రీ మడత ఉంది.

ఆట ముగిశాక హోటలులో కాఫీ తాగుతూ హరిబాబు, "ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగాడు.

"చక్కగా పోయావురా. తడబాటు లేకుండా," అన్నాను. వాడు సంతోషించాడు.

దత్తాత్రేయగారింకా తేరుకోలేదు. "అన్నం క్యారేజీని కాలదన్నేడురా, హరీ! అక్కడే నాకు కడుపు తరుక్కుపోయింది. భార్య చీకటితో లేచి వండిన అన్నం అది. దానికి విలువ కట్టగలవా? వాడు చంపడంలో తప్పే లేదు," అన్నారు. ఆయన నటించడం లేదు. ఆయనకు నటన చేతకాదు.

"ఆ అమ్మాయి అన్నం తిన్నదంటారా?" అన్నాను.

"ఏ అమ్మాయి?"

"గుమాస్తా భార్య. సినిమా అంతా వండుతూనే ఉంది. తినడం ఎక్కడా చూపించలేదు."

విశాలి పకపకా నవ్వింది. "వదిన రిటైరయినా పేపర్లు దిద్దడం మానలేదన్నయ్యా! సినిమాకీ మార్కులు కోసేస్తోంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చిన తరువాత నన్ను పట్టుకున్నది కోపం కాదు, అయోమయం. నేనెందుకు చప్పట్లు కొట్టాను? హింసను అసహ్యించుకునే మనిషిని. హెలికాప్టరు కూలినప్పుడు నా ఛాతీలో బిగుసుకున్నదేదో సడలిన మాట మాత్రం నిజం. అతనికి ఒక కారణం దొరికింది, అందుకు అసూయపడ్డానేమో అని తరువాత తోచింది. ఒక సాధారణమైన మగవాడు మారిపోవడానికి ఒక గిన్నె దొర్లితే చాలు. హాలు మొత్తం లేచి నిలబడి అతని పక్షం వహిస్తుంది. నా జీవితంలో అటువంటి గిన్నె కోసం వెతికాను. దొరకలేదు. నన్నెవరూ తన్నలేదు. నా భర్త నన్ను ఒసే అని పిలిచి ఎరుగరు. నా ఉద్యోగానికి అడ్డు చెప్పలేదు. మొదటి గంట పాఠానికి ముందు ఇంటిల్లిపాదికీ వంట పూర్తయి ఉండాలన్నారంతే. మా ప్రిన్సిపాలు నా పాఠాన్ని మెచ్చుకునేవారు. అతిథులు వచ్చినప్పుడు ఉపన్యాసం మగ లెక్చరర్లకు, టీ ఏర్పాటు నాకు అప్పగించేవారు, "మేడమ్‌గారి చెయ్యి పడితే లోటుండదు" అని. అందరూ మర్యాదస్థులే. ఎవరి మీద దబ్బనం ఎత్తాలి? మర్యాదగా, నా ఆరోగ్యం అడిగి మరీ, నా శస్త్రచికిత్సను వాయిదా వేయించిన మనిషిని ఏమని నిందించాలి? తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపలేని మనిషికి కోపగించే హక్కు ఉంటుందా? మోకాలు మాత్రం ఈ తర్కమేమీ పట్టించుకోకుండా నొప్పి పుడుతూనే ఉంది.

మరునాటి ఉదయం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన ఫోను మోగింది. మా పురోహితులు కూర్మనాథంగారు. తిథి ఖాయం చేసుకోవడానికి ఏటా ఈ రోజుల్లో ఫోను చేస్తారు.

"అమ్మగారూ, మీరే దొరికేరు, మంచిదయింది," అన్నారాయన. "ఈ ఏడేనా నా మాట వినండి. ఆ మోకాళ్ళతో మడివంట ఎందుకు చెప్పండి? ఇల్లాలికి ఒంట్లో బాగోనప్పుడు ఆమశ్రాద్ధం పెట్టొచ్చు. బియ్యం, పప్పు, కూరగాయలు పచ్చివే భోక్తలకి ఇచ్చేస్తే సరిపోతుంది. శాస్త్రం ఒప్పుకున్నదే. పొయ్యి వెలిగించే పనే లేదు."

"ఈ సంగతి నాకు తెలియదే."

"అదేంటమ్మా? నిరుడే బాబుగారికి చెప్పేను కదా. అంతకుముందేడూ చెప్పేను. మీరే ఒప్పుకోవడం లేదన్నారు. 'మా ఆవిడకి అమ్మంటే ప్రాణమండీ, తన చేత్తో వండితే గాని ఊరుకోదు' అన్నారు. ఈ రోజుల్లో ఇటువంటి కోడలా అని మా ఇంట్లో చెప్పుకున్నాం కూడాను."

ఫోను బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. నా భక్తి గురించి నాకు మొదటిసారి తెలిసింది. నాకు తెలియకుండా ఎవరో ఒక ఇల్లాలు నా పేరుతో ఊళ్ళో తిరుగుతోంది. ఆమె మోకాళ్ళు నొప్పి పుట్టవు. ఆమె దేనికీ కాదనదు. పురోహితుల ఇంట్లో ఆమెను మెచ్చుకుంటున్నారు.

దత్తాత్రేయగారు తల తుడుచుకుంటూ వచ్చారు. "ఎవరు ఫోను?"

"కూర్మనాథంగారు. నేను ఒప్పుకోవడం లేదని మీరు చెప్పారట."

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకొని మంచం అంచున కూర్చున్నారు. చెప్పిన మాట కాదనలేదు. "నువ్వు ఒప్పుకోవనే అనుకున్నాను, జగదా."

"నన్ను అడిగారా?"

"అడగలేదు."

"ఎందుచేత?"

భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో మడత పెడుతూ అన్నారు: "అడిగితే ఆమశ్రాద్ధానికి సరే అనేస్తావేమోనని. నువ్వు వండితే ఆ వేళ ఇల్లంతా అమ్మ వంటింటి వాసన వస్తుంది. ఆవిడ వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది నాకు. పచ్చి బియ్యం ఇచ్చేస్తే ఆవిడెక్కడి నుంచి వస్తుంది?"

ఆయన కళ్ళు నిండాయి. నిన్న హాలులో నిండినట్లే. ఆ మనిషి మీద నాకు జాలి కలిగింది. ఆ జాలి కిందనే మరొకటి కదిలింది. అది కోపమని ఖాయంగా చెప్పలేను. తల్లి కోసం ఏడ్చే ముసలి కొడుకును తప్పుపట్టడం ఎలా? కాని ఆయన కన్నీళ్ళ ఖర్చు నా ఎముకలు ఎందుకు భరించాలి? ఈ రెండు ప్రశ్నలూ తేలేదాకా ఆగుదామంటే, ఇప్పటికే చాలా ఆగాను.

ఆయన ఎదుటనే నా ఫోను తీసి విశాఖపట్నం ఆస్పత్రికి కలిపాను. పేషెంటు పేరని నా పేరు చెప్పి, వచ్చే వారం తేదీ ఇంకా ఖాళీగానే ఉంటే అదే కావాలన్నాను. అవతల అమ్మాయి కంప్యూటరులో చూసి, "ఉందండి. కానీ పేషెంటుగారే ఆపరేషన్ వద్దన్నారని ఇక్కడ రాసుంది," అంది. "ఇప్పుడు ఆవిడ తరఫున ఎవరు మాట్లాడుతున్నారండీ?"

"ఆవిడే," అన్నాను.