జవాబు రాని చెట్టు

"ఈవిడ ఇంక జవాబివ్వదు మేడమ్. మూడుసార్లు రాశాం. 'డేటా పోయింది' అని పెట్టేసి ముందుకెళ్దామా?" అంది పక్క సీటు అమ్మాయి.

సరేననబోయి ఆమె తెర వైపు చూసింది. నలభై మూడు రకాల నాచుల వంశవృక్షం, చెట్టు బొమ్మలా. ఏది దేని నుంచి చీలిందో చెప్పే కొమ్మలు. కింద, పరిశోధకురాలి పేరు దగ్గర, తన పేరే ఉంది. పుట్టింటి ఇంటిపేరుతో.

పరిశోధకులు ఇలాంటి చెట్లను పత్రికల్లో బొమ్మలుగా అచ్చువేయించి ఊరుకుంటారు. బొమ్మను చూడవచ్చు గాని, దాని మీద ఇంకొకరు పని చేయాలంటే కొమ్మల కొలతలున్న ఫైలు కావాలి. ఆ ఫైళ్లు అడిగి తెప్పించి, అందరూ వాడుకునేలా దాచిపెట్టడం వీళ్ల ఉద్యోగం. ఉత్తరం ఒకటే, చిరునామాలు మారతాయి. పేర్లు చదివే తీరిక ఎవరికి? ఎప్పుడో ఆగిపోయిన కాలేజీ మెయిల్‌కు తనకు తనే మూడు ఉత్తరాలు పంపుకుంది.

బొమ్మ మీద వేలు పెడితే చెమ్మ తగిలినట్టనిపించింది. నాచుకు వేళ్లుండవు, ఒళ్లంతా నీళ్లు తాగుతుంది. కాలేజీ రోజుల్లో భూతద్దం పట్టుకుని గోడల పక్కన మోకాళ్ల మీద కూర్చున్న పిల్ల ఆ కొమ్మల మధ్య నుంచి తలెత్తి చూసింది. చుట్టూ ఆఫీసు మెల్లగా పచ్చబడింది, కీబోర్డు సందుల్లో కూడా. "గోడకి పట్టిన పాచి మీద చదివిందట మా కోడలు. మా బాత్రూంలో బోలెడుంది, వచ్చి చదువుకోమన్నాను" అని అత్తగారు చుట్టాల ముందు నవ్వించిన రోజు తనూ నవ్వింది. "నీ కంప్యూటర్ ఖాళీ చేసి పాప ఫొటోలు పెట్టానోయ్. అందులో ఏముందని?" అని భర్త అడిగిన రోజు, ఈ చెట్టు ఫైలూ దాంతోనే పోయినా, "ఏం లేదులెండి" అంది. పోయిందని అందరికంటే ముందు ఒప్పేసుకుంది తనే.

"పెట్టెయ్యనా మేడమ్?"

"వద్దు. బొమ్మ కొలిచి ఫైలు చేస్తాను."

"కొమ్మ కొమ్మా కొలవాలా? మూడు రోజులు పడుతుంది!"

రేపటి నుంచి ఆమెకు మూడు రోజులు లీవుంది. ఆడపడుచు అత్తవారు వస్తున్నారు, వండిపెట్టడానికి తీసుకుంది. భర్తకు ఫోన్ చేసింది.

"లీవు ఇచ్చారండీ. కానీ ఆ మూడు రోజులూ ఇక్కడే ఉంటాను. ఇంట్లో సంగతి మీరూ అత్తయ్యా చూసుకోండి."

"ఇప్పుడా చెప్పేది? అంత కొంపలు మునిగే పనేంటి?"

"ఒకావిడ పని పోయేలా ఉంది. కాపాడాలి."

"ఎవరావిడ? నాకు తెలుసా?"

ఆమె తెర మీది పుట్టింటి ఇంటిపేరు చూసింది.

"లేదండీ. మీకు తెలీదు" అని ఫోన్ పెట్టేసి, మొదటి కొమ్మకు స్కేలు ఆనించింది.