గీజెలా కోసం ఒక కిలోమీటరు

ఓట్మార్ మూడో బిళ్ల కూడా తుడిచాడు. చేతిలోని పచ్చగుడ్డ మడత మార్చి, బిళ్ల పక్కనున్న ఖాళీ చోటును తుడవడం మొదలుపెట్టాడు. అక్కడ తుడవడానికేమీ లేదు. బండి ముందరి గ్రిల్ మీద అరచేతి వెడల్పు నల్లటి జాగా, అంతే. లక్ష కిలోమీటర్లకు ఒకటి, రెండున్నర లక్షలకు ఒకటి, ఐదు లక్షలకు ఒకటి, బెంజి కంపెనీవాళ్లే పంపిన బిళ్లలు వరసగా ఉన్నాయి. నాలుగోది పది లక్షలకు వస్తుంది. దానికోసం వదిలిన జాగాను ఆయన పదేళ్లుగా పొద్దున్నే తుడుస్తున్నాడు, పెళ్లివారు రాకముందే పీటలు కడిగి పెట్టుకున్నట్టు.

ఈ పూట మీటరులో అంకెలు తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల ఎనిమిది వందల డెబ్భై రెండు. ఇంకా నూట ఇరవై ఎనిమిది కావాలి. చేతిలో ఉన్నది ఈ ఒక్క శుక్రవారం. సాయంత్రంతో జనాన్ని ఎక్కించుకునే అనుమతి తీరిపోతుంది. డాక్టరు గుండె పటం చూసి పెదవి విరిచి, కొత్తదానికి సంతకం పెట్టనన్నాడు.

లోపల కూర్చుని తాళం సగం తిప్పాడు. డీజిల్ వేడెక్కేదాకా వెలిగే చిన్న నారింజరంగు దీపం వెలిగింది. తొందరున్నవాళ్లకు ఆ కొద్ది సెకన్లు నరకం. ఓట్మార్‌కు అవి పూజ ముందు గంట కొట్టే క్షణాలు. దీపం ఆరింది. తాళం పూర్తిగా తిప్పితే బండి ఒకసారి ఒళ్లు విదిలించుకుని, పందొమ్మిదేళ్లుగా చెబుతున్న మాటే మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.

వీస్లోహ్ ఊరి ట్యాక్సీ స్టాండు పాత మందుల షాపు ముందే. ఓట్మార్ వచ్చేసరికి నాలుగు బండ్లున్నాయి. వరసలో ఆఖర్న ఉన్న సెర్కాన్ సీటు వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ముందు బండి బేరం దొరికి వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఇంజన్ వేయకుండా దిగి, ఎవరి బండి వాళ్లు ఒక బండి దూరం ముందుకు తోసుకున్నారు. ఈ స్టాండులో రెండు కట్టుబాట్లున్నాయి. వరసలో బండి ఆపాక బ్రేకు వేయకూడదు. నిద్రపోతున్నవాణ్ణి లేపకుండా వెనకవాడే తోయాలి. ఓట్మార్ దిగి సెర్కాన్ బండి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, పసిబిడ్డ ఉయ్యాలను కదిపినంత మెల్లగా ముందుకు నెట్టాడు. తర్వాత తన బండి తోసుకున్నాడు.

సెర్కాన్ ఒక కన్ను తెరిచాడు. "బాబాయ్, నన్ను తోశావా?"

"నిన్నెవడు తోస్తాడురా, మీ ఆవిడ వంట తిన్నాక. బండినే తోశాను."

"మరి నీదీ తోశావుగా. తోసినా కిలోమీటరే కదా! ఊరి చుట్టూ తోసుకుంటూ తిరిగితే సాయంత్రానికి పది లక్షలూ అయిపోవూ?"

"ఖాళీగా తిప్పిన కిలోమీటరు కిలోమీటరు కాదురా. మనిషి ఎక్కాలి."

అది ఆయన ఒట్టు. లేకపోతే రాత్రే పెద్ద రోడ్డెక్కి రెండు గంటల్లో తేల్చేసేవాడు.

వైర్‌లెస్ గరగరమంది. "పదమూడూ, బతికున్నావా?"

"ఉన్నాను తల్లీ, నీ నోటికి భయపడి."

గీజెలా గొంతు అది. చౌరస్తాకు అవతల, రొట్టెల కొట్టు పైన రెండో అంతస్తులో మైకు ముందు బండ్లకు బేరాలు పంచుతూ ఆవిడ కూర్చున్నదీ, ఈయన పదమూడో నంబరు బండి నడుపుతున్నదీ పందొమ్మిదేళ్లుగా. పెళ్లి చేసుకోని ఓట్మార్‌తో రోజుకు పదిసార్లయినా మాట్లాడే మనిషి ఆవిడే. భర్త పోయిన గీజెలాను రోజుకు పదిసార్లయినా నవ్వించే మనిషి ఈయనే. అయినా ఆ బండిలో ఆవిడ ఒక్కసారి కూర్చోలేదు. ఆరు గంటలకు ఆవిడ మెట్లు దిగే వేళకు పదమూడో నంబరు ఏ ఊళ్లోనో ఉండేది. నిన్న రాత్రి ఆయన ఫోను చేసి, నాలుగుసార్లు గొంతు సవరించుకుని, చివరి కిలోమీటరు నీకోసం దాచిపెడతాను అన్నాడు. ఆవిడ, "ఉల్లిపాయల రొట్టె చేసి తెస్తాను, బండిలో ముక్కలు రాల్చానని సణగకు" అంది.

"డయాలిసిస్‌కు వెట్సెల్ పెద్దమ్మను తీసుకెళ్లు. ఆరింటి సంగతి గుర్తుందిగా?"

"ఉంది ఉంది."

సెర్కాన్ రెండో కన్ను కూడా తెరిచాడు. "ఆరింటికి ఏంటి బాబాయ్?"

"నీకెందుకురా, పడుకో."

వెట్సెల్ పెద్దమ్మను ఆసుపత్రిలో దించితే నాలుగు కిలోమీటర్లు తగ్గాయి. తర్వాత గంటన్నర వరకూ ఏమీ రాలేదు. ఓట్మార్ అంకెల వైపు చూడకుండా ఉండటానికి అద్దాలు తుడిచాడు. పదిన్నరకు గీజెలా గొంతులో నవ్వు వినిపించింది.

"పదమూడూ, రిజిస్ట్రారాఫీసు ముందుకు పో. కొత్త పెళ్లికొడుకును కందిరీగ కుట్టిందట. ఫోర్త్స్‌హైమ్ వెళ్లాలట. రానూపోనూ."

ఓట్మార్ గుండె ఒక్కసారి ఎగిరిపడింది. రానూపోనూ అంటే నూట పదహారు.

పిల్ల పేరు జిల్కె, పిల్లవాడి పేరు తీలో. గంట కిందటే సంతకాలయ్యాయి, రేపు చర్చిలో పెళ్లి. పొద్దున ద్రాక్షతోటలో కోత చూడబోతే కందిరీగ సరిగ్గా ఉంగరం వేలినే ఎంచుకుంది. వేలు సాసేజీలా ఊరింది. ఉంగరం చేసిన జిల్కె మేనమామ ఫోర్త్స్‌హైమ్‌లో కంసాలి. సాయంత్రంలోగా సాగదీసి ఇస్తానన్నాడు. ఇద్దరూ అప్పటికే ద్రాక్షసారాయి గుక్కలు వేశారు గనక బండి నడపడానికి వీల్లేదు.

"ఇంకో వేలికి పెట్టుకోవయ్యా" అన్నాడు ఓట్మార్ తలుపు తీసి పట్టుకుని.

"ఆవిడ ఒప్పుకోదండీ."

"ఒప్పుకోను" అంది జిల్కె. "మొదటి రోజే వేలు మార్చినవాడు రేపు ఏం మారుస్తాడో?"

తలుపు మూసుకుంది. ఆ చప్పుడుకు జిల్కె మళ్లీ తీసి మళ్లీ వేసింది. దళసరి పుస్తకం చదవడం ముగించి మూసినట్టుంది. "ఇంత పాత బండికి ఇంత కొత్త తలుపా!"

ఆ మాటతో ఓట్మార్ వాళ్లవాడైపోయాడు. బండికి పేరు రాయించుకుని మూడేళ్లు ఎదురుచూసిన కథ చెప్పాడు. ఆ రోజుల్లో అంత గిరాకీ. కొందరు బండి చేతికి రాకముందే ఆ కాగితాన్నే ఎక్కువ ధరకు అమ్ముకునేవారు. డెబ్భై తొమ్మిదిలో ఫ్యాక్టరీకి వెళితే అక్కడ భోజనం పెట్టారు, పప్పూ నూడుల్సూ. ఆ తర్వాత ఒక పెద్దాయన తాళంచెవి చేతిలో పెట్టి, "ఇది మిమ్మల్ని మించి బతుకుతుంది, జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. ఇంజన్ మూత ఇన్నేళ్లలో ఒక్కసారే విప్పారు. ఈ వెనక సీటులోనే ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకడు ఈమధ్యే ఇదే ఊళ్లో పోలీసు శిక్షణలో చేరి, మొదటి జరిమానా చీటీ ఓట్మార్‌కే రాశాడు.

"సోమవారం ఒక ఘనా వ్యాపారి వచ్చి తీసుకుంటాడు" అన్నాడు ఓట్మార్. "అక్కడ దీనికి ఇంకో పది లక్షల కిలోమీటర్లున్నాయంటాడు. నిజమే అయి ఉంటుంది."

బ్రూక్సాల్ దాటాక కొండదారి మొదలైంది. తీలో అడిగాడు, "బెర్తా బెంజ్ వెళ్లింది ఈ దారినే కదండీ?"

"ఈ దారినే. పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిది. మొగుడు లోకంలోనే మొదటి కారు తయారుచేసి షెడ్డులో పెట్టుకుని, జనం నవ్వుతారేమోనని గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఈవిడ పొద్దున్నే లేచి, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మొగుడికి చెప్పకుండా పుట్టింటికి బయల్దేరింది. ఎక్కడికి? ఫోర్త్స్‌హైమ్‌కే."

"చెప్పకుండానా!" జిల్కె మొగుడి వైపు చూసి కళ్లెగరేసింది.

"ఇంధనం అయిపోతే మా స్టాండు ముందున్న మందుల షాపులో మరకలు తుడిచే స్పిరిటు సీసాల కొద్దీ కొన్నది. గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. తీగ ఒరుసుకుంటే మేజోళ్ల పట్టీ చుట్టింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఇదిగో, ఇలాంటి ఎత్తు వస్తే పిల్లలు దిగి తోశారు."

"అంటే మొదటి రోజునుంచీ బెంజి కారును తోయడమే" అన్నాడు తీలో.

ఓట్మార్ ఎంతగా నవ్వాడంటే ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది. స్టీరింగ్ మీద చెయ్యి మార్చుకున్నాడు. "ఆయన బుర్ర పెట్టాడమ్మా, ఆవిడ నమ్మకం పెట్టింది. బుర్ర ఉన్నవాళ్లు లోకంలో చాలామంది. షెడ్డు తలుపు తీసేవాళ్లే తక్కువ."

అద్దంలో చూస్తే జిల్కె మొగుడి ఊరిన వేలిని తన ఒళ్లో పెట్టుకుని, అది ఏదో గాజుబొమ్మ అయినట్టు ఊదుతోంది. ఓట్మార్ అద్దం కొంచెం పైకి తిప్పేశాడు.

ఫోర్త్స్‌హైమ్‌లో మేనమామ కొట్టు మూడో అంతస్తు. చూసి వెళుదురుగాని రండని లాగితే ఓట్మార్ రెండు అంతస్తులెక్కి, కిటికీ దగ్గర కాసేపు నిలబడి, "మీరు వెళ్లండి, నేను బండి దగ్గరుంటాను" అన్నాడు. కిందికి వచ్చి సీటులో కూర్చున్నాక చెమట ఆరింది. ఉంగరానికి మూడు గంటలు పట్టింది.

తిరుగు ప్రయాణంలో ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. రిజిస్ట్రారాఫీసు దగ్గర దించితే మిగిలేవి సుమారు ఐదు కిలోమీటర్లు. గీజెలాతో కొండ మీది తోటలదాకా వెళ్లి రావచ్చు. ఊరు చేరాక జిల్కె ముందుకు వంగింది.

"తోట దగ్గర దించుతారా? అత్తయ్య చూస్తూ ఉంటుంది."

తోట అంటే కొండ మీదికి ఎక్కడం. ఓట్మార్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కొండ వైపే తిప్పాడు. మనిషి ఎక్కాడు, అడిగాడు, వెళ్లాలి. దిగేటప్పుడు జిల్కె ఒక నల్లద్రాక్ష గుత్తి డాష్‌బోర్డు మీద పెట్టింది. "మీ ఆవిడకు" అంది. ఓట్మార్ లేదనబోయి, "ఇస్తాను" అన్నాడు.

కొండ దిగి స్టాండులో వరస చివర బండి ఆపేసరికి ఐదుంపావు. అప్పుడు గానీ అంకెలు చూడలేదు. ఆరు తొమ్మిదులు. అవి కూడా పూర్తిగా లేవు, ఆరూ కలిసి తమ గళ్లలోంచి సగం పైకి లేచి ఉన్నాయి, కింద సున్నాల నెత్తులు తెల్లగా కనిపిస్తున్నాయి. కిలోమీటరు కాదు, పది గజాలుందో లేదో.

ఆయనకు నవ్వొచ్చింది. పది గజాలయినా గీజెలావే. పక్కన కూర్చుంటుంది, ఇంజన్ వేసి బ్రేకు మీది కాలు వదులుతాను, ఇద్దరం చూస్తాం. ఇంజన్ ఆపాడు. కట్టుబాటు ప్రకారం బ్రేకు వేయలేదు. పచ్చగుడ్డతో అంకెల మీది గాజు తుడిచి, గుడ్డ మడత మార్చి ద్రాక్ష పక్కన పెట్టాడు. పైనున్న ట్యాక్సీ దీపం ఆర్పాడు. చౌరస్తా అవతల రెండో అంతస్తు కిటికీలో ఎండ పడుతోంది. దాన్ని చూస్తూ తల అద్దానికి ఆనించాడు.

కాసేపటికి సెర్కాన్ వచ్చి ఆయన వెనక ఆపాడు. ముందున్న రెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. పదమూడో నంబరు కదల్లేదు. సెర్కాన్ దిగి తొంగిచూశాడు. బాబాయ్ నిద్రపోతున్నాడు, పెదవి మీద చిన్న నవ్వు కూడా ఉంది. పొద్దుటి బాకీ గుర్తొచ్చింది. డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, పసిబిడ్డ ఉయ్యాలను కదిపినంత మెల్లగా రెండు బండ్ల దూరం నెట్టి, వరస మొదట నిలబెట్టాడు.

ఆరు కొట్టగానే గీజెలా మెట్లు దిగింది. పెదాలకు రంగు వేసుకుంది. చేతిలో వెచ్చటి పొట్లం. ముందు తలుపు తానే తీసుకుని కూర్చుని, మూసింది. ఆ చప్పుడు ఆవిడ ఇన్నేళ్లూ వైర్‌లెస్‌లోనే విన్నది.

"ఏదీ, చూపించు" అంటూ వంగింది.

ఆరు సున్నాలు. తిన్నగా, నిండుగా, గళ్ల మధ్యలో.

"దొంగమొహమా! నేను లేకుండానే తిప్పేశావా? పందొమ్మిదేళ్లు ఒక్క అబద్ధమైనా చెప్పని మనిషివి, ఇవాళే..." అని మోచేత్తో పొడిచింది. పొడిచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆయన చేతి మీదికి జారింది.

గీజెలా అరవలేదు. పొట్లం ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. సెర్కాన్ కిటికీ దగ్గరకు వచ్చాడు. ఆవిడ మొహం చూసి, లోపలికి చూసి, రెండు చేతులూ తలకు పెట్టుకున్నాడు.

"నిద్రపోతున్నాడనుకున్నాను పిన్నీ. నేనే తోశాను."

"లేపలేదుగా?"

"లేదు."

"మంచి పని చేశావు. మనిషి చేత్తోనే తిరిగిందన్నమాట" అంది గీజెలా. "అంబులెన్సుకు ఫోను చెయ్యి. తొందరేం లేదు. నేను ఇంకాస్సేపు కూర్చుంటాను."

బిళ్ల మూడు వారాలకు వచ్చింది. ఘనా వ్యాపారి అందాకా ఆగాడు, బిళ్ల లేకుండా బండి తీసుకెళితే తనకే పాపమన్నాడు. గీజెలా చౌరస్తాలో అందరి ఎదుటా గ్రిల్ మీది ఖాళీ చోటును తన చొక్కా చేతితో తుడిచి బిళ్ల బిగించింది. నారింజరంగు దీపం వెలిగింది, ఆరింది. పదమూడో నంబరు తన మాట తాను చెప్పుకుంటూ హాంబుర్గ్ రేవు వైపు వెళ్లింది.

రెండో అంతస్తులో, మైకు పక్కన, పచ్చగుడ్డ ఉంది, ఆయన చివరిసారి మార్చిన మడతలోనే.