రాగిణి అక్షరాలు ఇల్లు మారిన రోజు

తొంభై ఎనిమిది ఆషాఢం. చిక్కడపల్లి సందులో రాగిణి నడిపే ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. పెళ్లి కార్డుల పని లేక మధ్యాహ్నమంతా వాన చూస్తూ కూర్చునేవాళ్లం. ఆ వాన ఎంత నెమ్మదిగా పడేదంటే, ఒక్కో చినుకు దిగే ముందు మమ్మల్ని అడిగి దిగేది. నమ్మరా? నమ్మకండి.

అశోక్‌నగర్ నుంచి నళిని తడుస్తూ వచ్చింది. కార్డులు కూర్చే ప్రోగ్రాం రాసింది ఆ పిల్లే. కొత్త వెర్షన్ సీడీ తెచ్చింది.

"పాతది తీసేసి కొత్తది పెడ్త అక్కా. పది నిమిషాలల్ల అయితది."

రాగిణి కంప్యూటర్ తెరకు ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. కుడిది పోయినేడు పక్షవాతంతో పడిపోయింది. కార్డుల కోసం ఆ చేత్తో గీసిన అక్షరాలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఫ్లాపీలో దాచిన రెండో కాపీకి బూజు పట్టింది.

"నా అక్షరాలు యాడున్నయి?"

"పాత ప్రోగ్రాం ఫోల్డర్ల."

"అది పోతే?"

జడ పిండుకుంటున్న నళిని ఆగిపోయింది. పాతది పోయేటప్పుడు ఫోల్డరంతా ఊడ్చేసేలా రెండేళ్ల కింద తానే రాసింది.

"మా ఊళ్ల ఎల్లేష్ గట్లనే చేసిండు బిడ్డా," అన్నాను. "కొత్తిల్లు కట్టాలని పాతది కూల్చిండు. లోపల తాత పండుకున్నడని మర్సిండు. తాత లేసి చూస్తే సుట్టూ కందిచేను. మూడేండ్లు ఆ చేన్లనే కాపురం చేసిండు."

"ఊకో తాతా, అన్నీ అబద్దాలు!"

"గోడల్లేకున్నా రోజూ తలుపు గడియ పెట్టుకునెటోడు. అదీ అబద్దమేనా?"

నవ్వింది గానీ, కుర్చీ లాక్కుని ప్రోగ్రాంలో పనుల వరుస మార్చింది. కొత్తది వేరే ఫోల్డర్లో ముందు దిగాలి. పాతదాని దగ్గర్నుంచి అక్షరాలను తెచ్చుకోవాలి. అవి తెరుచుకున్నాకే పాతది పోవాలి. "మిగతా ప్రెస్సులకు గూడ ఇట్లనే పంపిస్త," అని గొణుక్కుంది.

తెర మీద నీలం గీత పాకింది. గది నీళ్ల అడుగున ఉన్నట్టుంది. అక్షరాలు నెత్తిన మూటలతో గుమ్మం దాటుతున్నాయి. వెనకబడ్డ ఏత్వాన్ని ఒక ఒత్తు చెయ్యి పట్టుకుని లాగింది. నేను కునుకు తీశానని నళిని ఇప్పటికీ అంటుంది.

కొత్తది తెరుచుకుంది. అక్షరాలున్నాయి.

"రెండిటినీ ఉండనియ్యరాదు?" అంది రాగిణి.

"డిస్కుల జాగ లేదక్కా." కానీ నళిని వేలు కదల్లేదు.

రాగిణే నొక్కింది. పాతది పోయింది. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతున్నంతసేపూ తెర నల్లగా ఉంది.

వెలుగు వచ్చాక రాగిణి ఒక్క వేలితో తన పేరు కొట్టింది. ప్రింటరు సణుగుతూ కాగితాన్ని బయటికి తోసింది. దాన్ని ఒడిలో పరచుకుని, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, పేరు మీద పెట్టింది.

"చెయ్యి గుర్తువట్టింది కాకా," అంది నాతో.