లిఫ్టులో తుమ్మెదలు

రోజూ పొద్దున్నే ఆ పెద్దాసుపత్రి లిఫ్టులో కిందనుంచి పైదాకా ఓసారి, పైనుంచి కిందికి ఓసారి ఒట్టినే తిరగడం అతని పని. తలుపులు సరిగ్గా పడుతున్నాయా, తాళ్ళు ఎక్కడన్నా కిర్రుమంటున్నాయా అని చెవులు రిక్కించి వినేవాడు. మెకానిక్కుకి చేతులకన్నా చెవులు ముఖ్యమని పని నేర్పిన మేస్త్రీ చెప్పేవాడు. ఈమధ్య ఆ చెవులకి ఏమీ వినపడడం లేదు. తలచుట్టూ ఒకటే ఝుంకారం, తుమ్మెదలు.

తుమ్మెదలు ఎవరికి లేవు గనక? గొంతు దాటి బయటికి రాని ప్రశ్న తుమ్మెదై తలచుట్టూ తిరుగుతుంది. జవాబు తెలిసినవాళ్ళని అడిగి వింటే ఎగిరిపోతుంది. కుర్రకారు నెత్తిన ఒకటో రెండో ఎప్పుడూ ఉండేవి. పెద్దవాళ్ళు చూసీచూడనట్టు చేత్తో అవతలికి తోలి, "ఆ కిటికీ వెయ్యండర్రా" అనేవాళ్ళు.

అతని మొదటి తుమ్మెద బడిలో పుట్టింది. సైన్సు మాస్టారు ఒంటి గురించిన ఆ ఒక్క పాఠం దగ్గరికొచ్చి, "ఇది మీరే ఇంటిదగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసినప్పుడు. దాంతో ఏళ్ళతరబడి ఎలాగో సర్దుకుపోయాడు. అసలు గొడవ ఇరవయ్యారో ఏట పెళ్ళి కుదిరాకే మొదలైంది.

అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. మాట తక్కువ, నవ్వు నెమ్మది. ఆమె అంటే ఇతనికి ప్రాణం. భయమూ అందుకే, తను మొగుడిగా పనికొస్తాడో రాడో అని. ఆ సంగతి బావని అడగబోతే, "ఏరా పెళ్ళికొడకా, అప్పుడే కంగారా?" అని వీపు చరిచి పకపకా నవ్వాడు. తుమ్మెద రెండైంది.

ఇక ఫోన్ని అడిగాడు. ఫోన్లో తెల్లకోటు వేసుకున్న ఒకాయన, మెడలో స్టెతస్కోపు, పట్టులాంటి గొంతు. "ఒంటరిగా ఉన్నప్పుడు చేసే ఆ పాడలవాటుతో నరాలు చచ్చుబడతాయి. అలాంటివాడు పెళ్ళాడితే ఒక ఆడపిల్ల గొంతు కోసినట్టే. మా పొడి వాడితే..." ఒక వీడియో చూస్తే పది వీడియోలు వాటంతటవే వచ్చి పడ్డాయి. తప్పుడు జవాబు వింటే తుమ్మెద పోదు, పిల్లల్ని పెడుతుంది. అతని మొహం ముందు తుమ్మెదలు తెరకట్టేశాయి.

పొడి తెప్పించుకుని గుట్టుగా మింగాడు. అన్నం సయించడం మానేసింది. కళ్ళు పచ్చబడ్డాయి. "కామెర్లేమోరా, చూపించుకో" అంది అక్క. "ఎండలో తిరిగానులే" అన్నాడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు. ఆఖరికి ఒక నిశ్చయానికొచ్చాడు. ఈ సాయంత్రం దుకాణానికి వెళ్ళి పెళ్ళి వద్దని చెప్పెయ్యాలి. ఎందుకని అడిగితే? దానికి ఇంకో తుమ్మెద.

ఆ పూటే అతను తిరుగుతున్న లిఫ్టులోకి డాక్టరమ్మ ఎక్కింది. చర్మవ్యాధులూ సుఖవ్యాధులూ చూసే ఆవిడ, నెరిసిన జుట్టు, చంకలో గొడుగు. లిఫ్టు కదిలిందో లేదో తుమ్మెదలు కొన్ని వెళ్ళి తలుపు లాకు సందులో దూరాయి. తలుపు తెరుచుకుంది కాబోలనుకుని లిఫ్టు రెండు అంతస్తుల మధ్య టక్కున ఆగిపోయింది.

"ఎంతసేపు పడుతుంది బాబూ?"

"వాటిని తోలితేగానీ కదలదండీ."

"తోలితే పోయే రకమా అవి?" ఆవిడ అతని పనిముట్ల పెట్టె మీద కూర్చుంది. "అడుగు. నేను దిగిపోయేదీ లేదు, నువ్వు పారిపోయేదీ లేదు."

అతను గోడకేసి చూస్తూ అడిగాడు. ఆవిడ నవ్వలేదు, గొంతూ తగ్గించలేదు. జలుబుకి మందు చెప్పినట్టే చెప్పింది.

"హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు. పిల్లలు పుట్టకుండా పోరు. నిద్రలో బట్టలు తడిస్తే అదీ జబ్బు కాదు."

ఒక తుమ్మెద ఫ్యాను సందులోంచి బయటికి పోయింది. వెనకాలే మరో నాలుగు.

"మరి ఫోన్లో ఆ డాక్టరుగారు... ఆయన పొడే మింగుతున్నానండీ."

"ఆయన పొడి అమ్ముకునేవాడు. నీకు భయం లేకపోతే ఆయన పొయ్యి రాజుకోదు. ఏదీ, కళ్ళు చూపించు." కింది రెప్ప లాగి చూసి ఆవిడ మొహం చిట్లించింది. "నీ భయం ఒట్టిది. ఈ పచ్చదనం మాత్రం ఒట్టిది కాదు. పొడి ఇవాళే ఆపు. నాతో వచ్చి రక్తం ఇవ్వు."

"పెళ్ళయ్యాక నేను కంగారుపడిపోతేనో?"

"పడితే పడతావు. తొందరేముంది? ఆ అమ్మాయికి ఏది ఇష్టమో, ఏది కాదో అడిగి తెలుసుకో. కలిసి రండి, పిల్లలు ఎప్పుడు కావాలో, అందాకా ఏం చెయ్యాలో కూడా ఇద్దరికీ చెప్తాను."

"ఇన్నాళ్ళూ ఎవ్వరూ చెప్పలేదండీ."

"నువ్వు అడిగితేగా."

"అడగనిచ్చారా?" అతని గొంతు లేచింది.

ఆవిడ గొడుగు పిడి నిమిరింది. "లేదు" అంది.

లాకు సందులోవి కూడా ఎగిరిపోయాయి. లిఫ్టు కదిలింది.

రక్తపరీక్షలో కాలేయం దెబ్బతిందని తేలింది. ఇంకొన్నాళ్ళు మింగి ఉంటే చేయిదాటేది, ఇప్పుడైతే కోలుకుంటుందన్నారు.

సాయంత్రం దుకాణానికి వెళ్ళాడు. అమ్మాయి అరగదీసే చక్రం ఆపింది. "కళ్ళేంటి అలా ఉన్నాయి?"

నిలబడే అంతా చెప్పేశాడు. భయం, పొడి, లిఫ్టు, ఏదీ దాచలేదు.

"అయితే వద్దనడానికి వచ్చారా?"

"పొద్దుటిదాకా అదే అనుకున్నాను."

ఆమె చేతిలోని అద్దాన్ని తుడుస్తూ ఉంది. చక్రం ఆగిపోయి, అతని తలచుట్టూ గొడవా లేక, దుకాణమంతా నిశ్శబ్దం. అందులో సన్నగా ఒక ఝుంకారం వినిపించింది. ఆమె చెవి వెనక, జడపాయల్లో ఒక చిన్న తుమ్మెద. ఇన్నిసార్లు వచ్చాడు, తన హోరులో ఒక్కసారీ దాన్ని వినలేదు.

"అది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

ఆమె గబుక్కున చెవి మూసుకుంది. "మీకు వినపడుతోందా?"

అతను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "జవాబు నాకు తెలీకపోవచ్చు. తెలిసినావిడ దగ్గరికి రేపు ఇద్దరం వెళ్దాం. ముందు నన్నడుగు."

ఆమె లేచి దుకాణం తలుపు దగ్గరగా వేసింది. చేతులకంటిన గాజుపొడి నెమ్మదిగా కడుక్కుంది. వచ్చి, అతని మొహంలోకి చూస్తూ అడిగింది.

అతను నవ్వలేదు.