వీపున కుట్టిన గుండు

"లెయ్యి, తెల్లారిపోయింది," అంటూ గురవమ్మ మొగుడి భుజం కుదిపింది. పెంచలయ్య ఎర్రబడిన కళ్ళు తెరిచి, రెండు చేతులా తల పట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా పడుకున్న మనిషి, రాత్రంతా తెడ్డు వేసినవాడిలా ఉన్నాడు.

అల్లూరుకు తూర్పున ఆ సముద్రపుటొడ్డు పల్లెలో పెంచలయ్య గురకకు పెద్ద పేరు. అతను గురక తీస్తే కాలువలో పడవవాళ్ళు గాలి లేచిందనుకుని తెరచాపలు ఎత్తేవాళ్ళట. ఎత్తినంతసేపు పట్టేది కాదు, మళ్ళీ దించుకునేవాళ్ళట. ఎందుకంటే ఆ గురక మధ్యలో ఠక్కున ఆగిపోయేది.

ఆ ఆగడమే గురవమ్మకు భయం. గురకతోపాటు ఊపిరీ ఆగేది. మోచేత్తో పొడిస్తే, మునిగి తేలినవాడిలా గుప్పున గాలి పీల్చుకునేవాడు. ఆ జబ్బుకు అప్పట్లో ఆ పల్లెలో పేరు లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ అతని బుర్ర మసకబారింది. వల అల్లుతూ ముడి మధ్యలో కునికేవాడు. తిని చెయ్యి కడుక్కున్నాక, "ఇంకా అన్నం పెట్టలేదేందిమే?" అనేవాడు.

వెల్లకిలా పడుకుంటేనే ఊపిరి ఆగుతుందని కనిపెట్టింది గురవమ్మే. వలకు కట్టే సీసపు గుండొకటి తెచ్చి, చొక్కా వీపున గుడ్డతో కుట్టేసింది. వెల్లకిలా తిరిగితే గుండు ఒత్తుకుని, తనే పక్కకు ఒత్తిగిలేవాడు. పక్కింటి ముత్యాలయ్య ఊరుకుంటాడా?

"ఏం వదినా, అన్నకు వీపున నెలలు నిండినట్టుండాయే!"

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒకరోజు కొత్త వియ్యపురాలు నాగులమ్మ తొలిసారి ఇంటికి వస్తోంది. ఆమె ముందు నవ్వులపాలవుతామని గురవమ్మ చొక్కా విప్పించి కుట్లు తెంపింది.

"అది లేకుంటే వీపు బోసిగా ఉంటాదిమే," అన్నాడు పెంచలయ్య.

"ఈ ఒక్కపూటకే. సాయంత్రం కుడతాలే."

మధ్యాహ్నం వంజరం పులుసుతో తిని, అతను పందిట్లో నులకమంచం ఎక్కి వెల్లకిలా వాలాడు. గురక మొదలైంది. నాగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం వదినా, అన్నయ్య సముద్రాన్ని ఇంట్లోనే పెంచుకుంటున్నాడే!"

గురవమ్మ తల దించుకుంది. అంతలో గురక ఆగింది. ఆమె మోచెయ్యి దానంతటదే కదిలింది. కానీ వియ్యపురాలి ఎదుట మొగుణ్ణి డొక్కలో పొడవడమా?

"పాపం, ఇప్పటికి మంచి నిద్ర పట్టింది. కదిలించమాక," అంది నాగులమ్మ.

"అవునొదినా," అంది గురవమ్మ. తమలపాకుకు సున్నం రాసింది. చెవి మంచం మీదే ఉంది. ఇంకో ఆకు తీసి రాసింది. గురక మళ్ళీ రాలేదు. ఆకులు పారేసి పరుగెత్తి పొడిచింది. రెండు చేతులా కుదిపింది. పెంచలయ్య ఈసారి పైకి తేలలేదు.

సాయంత్రానికి పందిరి నిండా జనం. "నిద్రలోనే పోయినాడు, పుణ్యాత్ముడు," అన్నారెవరో. గురవమ్మ తలెత్తలేదు.

గూట్లో, దారం ఎక్కించి ఉంచిన సూది పక్కన, సీసపు గుండు అలాగే ఉంది.