ఎడమ పాదం చూసే వైపు

బూట్ల మేస్త్రికి ఈ లోకం మీద సదభిప్రాయం ఎప్పుడో పోయింది. చిన్నప్పుడే బడి మాన్పించి పనిలో పెట్టారు. మీసం నెరిసే దాకా కంపెనీలో చేత్తో కుట్టాడు. తర్వాత ఓ మిషన్ వచ్చి అతని పీట మీద కూర్చుంది. మిషన్‌కి టీ అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు, నోరు అసలే లేదు. నోరున్నవాణ్ణి ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఇంటి ముందుగదే అతని కొట్టు. అతనికి మిగిలిన గొప్పల్లా ఒకటే. అతను కుట్టిన జతలో కుడిదాని పక్కన ఎడమది పెడితే అద్దంలో నీడలా ఉండాలి. అలా లేనిది అతని లెక్కలో జతే కాదు.

ఆ గొప్పే ఇప్పుడు మేనకోడలి మోకాలి మీదికి వచ్చింది.

ఆ పిల్ల సైకిల్ పందేలు తొక్కుతుంది. దాని వెడల్పాటి పాదాలకి బజారు బూట్లు పట్టకపోతే మేస్త్రే కుట్టి ఇచ్చాడు. అవి మామూలు బూట్లు కావు. అడుగు వంగదు, రాయిలా ఉంటుంది. ఆ అడుక్కి ఒక ప్లాస్టిక్ బిళ్ళని మరలతో బిగిస్తారు. పెడల్ మీద కాలు ఆనించగానే బిళ్ళ టక్కుమని పట్టుకుంటుంది. ఇక కాలు జారదు, కాలూ పెడలూ ఒక్కటై తిరుగుతాయి. కానీ ఆ బూట్లు తొడిగినప్పటి నుంచీ పిల్లకి ఎడమ మోకాలు ఒకటే సలుపు. ఆదివారం కొండదారిలో పందెం. ముందొచ్చిన నలుగురికే జట్టులో చోటు.

గురువారం మధ్యాహ్నం పిల్ల సైకిల్‌తో సహా ముందుగదిలోకి వచ్చిపడింది.

"మామయ్యా, ఇవి బూట్లు కావు, బేడీలు."

"అవునమ్మా. మామయ్య కుట్టాడు కాబట్టి బేడీలు. బజార్లో కొనుంటే వెండిపట్టీలయ్యేవి."

"నొప్పంటే నీకు వెటకారంగా ఉందా? మోకాలు లోపలికి పడుతోందిట. గుద్దకుండా గుండ్రంగా తొక్కడం వస్తేనే ఆదివారం రమ్మన్నాడు మా కోచ్."

"అయితే తప్పు తొక్కుడిదేగా! బూటేం చేసింది? ఎక్కు, చూస్తాను."

వెనక చక్రాన్ని స్టాండుకెత్తి తొక్కించాడు. దబ్, దబ్. అడుగడుక్కీ గుద్దినట్టే ఉంది. ఎడమకాలు కిందికి దిగినప్పుడల్లా మోకాలు సైకిల్ కడ్డీ మీదికి వాలిపోతోంది. "నిటారుగా!" అని మేస్త్రి గద్దించాడు. పిల్ల పళ్ళు బిగించి నిటారుగా తొక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దిగి, బూట్లు విప్పి విసిరేసి, వట్టికాళ్ళతో లోపలికి నడిచింది.

"ఏయ్, ఇప్పుడే తుడిచానే! ఎలా తొక్కావో చూడు," అంది మేస్త్రి భార్య, తడిగుడ్డ పట్టుకుని.

మేస్త్రి చూశాడు. తడి నేల మీద అడుగులు వరసగా పడి ఉన్నాయి. కుడి పాదం తిన్నగా వెళ్ళింది. ఎడమ పాదం వేళ్ళు పక్కకి తిరిగి ఉన్నాయి, ముందుభాగం కుడిదానికంటే వెడల్పుగా విచ్చుకుని ఉంది.

"ఇదేమిటి, ఇలా ఉంది?"

"ఇవాళ కొత్తా? చిన్నప్పటి నుంచీ అంతే. మనిషి వంటింట్లోకొస్తుంది, ఎడమకాలు వీధిలోకి చూస్తుంది. ఇంతకీ మీరు కొలిచిందేకాలు?"

"కుడిది."

"మరి ఎడమది?"

"ఆ అచ్చే తిప్పి తోలు కోశాను. కంపెనీలో అందరికీ అంతే."

"బాగుంది వరస! దేవుడు దాని కాలు తిప్పి కొయ్యలేదుగా?"

పిల్ల ఏడుపు మర్చిపోయి కిసుక్కున నవ్వింది.

మేస్త్రి పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి కాళ్ళు వేలాడెయ్యమన్నాడు. కుడిపాదం ఎదురుగా చూస్తూ వేలాడింది. ఎడమది, ఎవరూ చెప్పకుండానే, మెల్లగా పక్కకి తిరిగి ఆగింది. చేత్తో తిన్నగా తిప్పి వదిలాడు. మళ్ళీ అక్కడికే పోయింది. ఇంకోసారి తిప్పాడు. ఊహూఁ. దానికి తెలుసు ఎటు చూడాలో.

తన చేతికుట్టుని తనే విప్పుకోవడమంటే పేగులు తోడుకున్నట్టే ఉంది. అయినా విప్పాడు. ఎడమ బూటు ముందుభాగంలో తోలు ముక్క అతికి వెడల్పు చేశాడు. మరలు వదులు చేసి, పాదం చూసేవైపే బూటు కూడా చూసేలా బిళ్ళని రవ్వంత తిప్పి బిగించాడు. శుక్రవారానికి తయారైన ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటి పెళ్ళికీ ఇంకొకటి బురదపనికీ బయల్దేరినట్టున్నాయి. కంపెనీలో అయితే మొహాన కొట్టేవాళ్ళు.

పిల్ల తొడిగి స్టాండు మీదున్న సైకిలెక్కింది. టక్, టక్. తొక్కడం మొదలుపెట్టింది.

మేస్త్రి దబ్‌మనే చప్పుడు కోసం చెవి ఒగ్గాడు. రాలేదు. ఎడమ మోకాలు గోడ కట్టేవాళ్ళు తాడుకి వేలాడదీసే తూకపుగుండుకి మల్లే తిన్నగా దిగి, తిన్నగా లేచింది. పాదం అడుక్కి వచ్చాక, గడపకి కాలి బురద రాసినట్టు వెనక్కి రాసి, పైకి తేలి, మళ్ళీ ముందుకి జారింది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియని గుండ్రం. కోచ్ అడిగింది ఇదే కాబోలు. ఇది కాలికి ముందే వచ్చు. బూటే రానివ్వలేదు.

ఇన్నేళ్ళూ మేస్త్రి కొలిచినవన్నీ నిలబడ్డ పాదాలు. తన బూటు లోపల పాదం ఏం చేస్తుందో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. ఊపిరి గట్టిగా వదిలితే ఆ గుండ్రం ఆగిపోతుందేమోనని భయపడ్డాడు.

"నొప్పుందా?" గుసగుసగా అడిగాడు.

"ఉండు మామయ్యా, వెతుకుతున్నా," అంది పిల్ల.

ఆదివారం మొగుడూ పెళ్ళాలు కొండదారి చివరి మలుపు దగ్గర నిలబడ్డారు. ఎగశ్వాసలతో ఒక్కొక్కరే దాటిపోతున్నారు. ఒకరు పెడల్ని గుద్దుతున్నారు, ఒకరు ఊగుతున్నారు. పిల్ల వచ్చింది. చెమటతో మొహం గుర్తుపట్టేలా లేదు. కాళ్ళు మాత్రం, తమకీ కొండకీ సంబంధం లేనట్టు, సడి లేకుండా తిరుగుతున్నాయి.

"ఎన్నోదండీ?"

"చూడలేదే."

"మరేం చూశారు, కళ్ళు రెండూ పెట్టుకుని?"

మేస్త్రి మునివేళ్ళ మీద లేచి మలుపు వైపే చూస్తున్నాడు.

కాసేపటికి పిల్ల సైకిల్ దొర్లించుకుంటూ కిందికి వచ్చింది. "నాలుగు, అత్తయ్యా! ఆ నాలుగోదాన్ని నేనే!" అంది, రొప్పుతూ. అత్తయ్య దాన్ని కావలించుకుని, మొగుడి వీపు మీద ఒకటి చరిచింది. అతను ఇంకా బూట్ల వంకే చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఇంకొక్కసారి ఎక్కి తొక్కవే."

"ఇప్పుడా? ప్రాణం పోయింది మామయ్యా!"

"ఆ మలుపు దాకా చాలు."

పిల్ల నవ్వుతూ, తిట్టుకుంటూ ఎక్కింది. మేస్త్రి నడిరోడ్డు మీద గొంతుక్కూర్చుని చూశాడు. వెనక ఎవరో తప్పుకోమని అరుస్తున్నారు. అతనికి వినిపించలేదు.